లావు రెక్క

తొంభై నాలుగు పెట్టెలు దించారు. దించినవాళ్ళు సంతకం పెట్టించుకుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వ్యానెక్కి వెళ్ళిపోయారు. పోతశాలలో ఇసుక తుడిచిన చోటల్లా అట్టపెట్టెలే, తుడవని చోటా అట్టపెట్టెలే. మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకి ఒకసారి చూసి, "వీళ్ళు మనకి కాయితాలు పంపారా, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అన్నాడు.

అందరూ నవ్వారు. మేనల్లుడూ నవ్వాడు. నవ్వుతూనే పెట్టెలు ఇంకోసారి లెక్కపెట్టాడు. ఆ తొంభై నాలుగింట్లో ఏదో ఒకదాంట్లో, ఏదో ఒక కాయితం కింద, తన సంతకం ఉంది. ఆ సంగతి అక్కడున్న వాళ్ళలో తెలిసింది తనొక్కడికే.

వకీలమ్మ ఒక పెట్టె మీద కూర్చుని చెప్పులకంటిన ఇసుక దులుపుకుంటోంది. మనిషి సన్నగా ఉంటుంది, మాట మాత్రం గట్టిది. "నవ్వండి, నవ్వండి. వాయిదా ఇంక తొమ్మిది రోజులే. ఈలోపు ఇవన్నీ చూసెయ్యాలి," అంది.

"అన్నీనా?" అంది మేస్త్రి భార్య. మేనల్లుడికి అత్తయ్య, మిగతావాళ్ళకి అమ్మగారు.

"అన్నీనండి. ఆ చక్రం మేమే సొంతంగా గీసుకున్నామని కంపెనీవాళ్ళు అంటున్నారు కదా, అయితే మీ మొదటి గీత చూపించండి అని మనం అడిగాం. కోర్టు సరేనంది. రెండు వైపులవాళ్ళూ మీ మీ కాయితాలు ఒకళ్ళకొకళ్ళు చూపించుకోండి అంది. ఆ గీత ఒక్కటీ ఇస్తే మనం ఇట్టే పట్టేస్తామని, క్యాంటీన్ బిల్లుల దగ్గర్నుంచి అన్నీ కట్టగట్టి పంపారు. యాభై ఆరు వేల పేజీలు. మనల్ని కాయితాల కింద పాతిపెడదామని."

ఆ పోతశాలలో పోసేది నీళ్ళ పంపుల్లో తిరిగే కంచు చక్రాలు. చెక్కతో చేసిన ప్యాట్రన్‌ని ఇసుకలో నొక్కి తీస్తే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన కంచు పోస్తే చక్రం. ప్యాట్రన్ ఎంత బాగుంటే చక్రం అంత బాగుంటుంది, పంపు అంత ఎత్తుకి నీళ్ళు ఎత్తుతుంది. మేస్త్రి తండ్రి చెక్కిన ఏడు రెక్కల ప్యాట్రన్ అలాంటిది. పంపులు చేసే ఒక పెద్ద కంపెనీ ఆ చక్రాలు ఇరవై ఏళ్ళు కొని, రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి మానేసింది. అచ్చం అలాంటిదే తనే పోసుకోవడం మొదలుపెట్టింది. మా ప్యాట్రన్ దొంగిలించారని మేస్త్రి కోర్టుకెక్కాడు. పోతశాలలో అప్పటికి ఇరవై రెండు మంది పనిచేసేవాళ్ళు. ఇప్పుడు తొమ్మిది మంది. కేసు పోతే ఆ తొమ్మిది మందీ ఉండరు, పోతశాలా ఉండదు. ఈ మాట ఎవరూ పైకి అనరు గానీ, పొద్దున తాళం తీసేటప్పుడు అందరూ ఆ తాళం వైపే చూస్తారు.

"లావు రెక్క చూడండి," అంది వకీలమ్మ వేలెత్తి. "ఏ గీతలోనైనా లావు రెక్క కనబడితే నాకు ఫోన్ చెయ్యండి. అర్ధరాత్రయినా సరే."

లావు రెక్క సంగతి ఆమెకి మేస్త్రే చెప్పాడు. పూర్వం ఎప్పుడో ప్యాట్రన్‌లో ఒక రెక్కకి చీలిక వస్తే, పెద్దాయన రంపం పొట్టూ బంకా కలిపి దానికి మెత్తాడు. మెత్తడంలో ఆ రెక్క కొంచెం లావెక్కింది. చిత్రిక పట్టి సన్నం చెయ్యొచ్చు. కానీ తండ్రి చేత్తో మెత్తినది గీకడానికి మేస్త్రికి చేతులు రాలేదు. దాంతో ఇరవై ఏళ్ళుగా ఏం చేస్తున్నారంటే, పోసిన ప్రతి చక్రంలోనూ ఆ లావు రెక్కని ఆకురాయి పెట్టి అరగదీసి, మిగతా ఆరింటితో సమానం చేసి పంపుతున్నారు. నిమిషంలో తేలిపోయే పనికి ఇరవై ఏళ్ళ చాకిరీ. బయటివాళ్ళు వింటే నవ్వుతారు. కానీ వకీలమ్మ నవ్వలేదు. "అంటే చక్రం కొన్నవాళ్ళకి లావు రెక్క తెలిసే దారి లేదు. ప్యాట్రన్ చూసినవాళ్ళకే తెలుస్తుంది," అని రాసుకుంది.

ఆ రోజు ఆ గదిలో మేనల్లుడు కూడా ఉన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి తిన్నది ఒంటపట్టడం లేదు.

"ఇంకో మాట," అంది వకీలమ్మ వెళ్ళబోతూ. "ప్రతి పేజీ కింద ఊదారంగు నెంబరు కొట్టి ఉంది. ఒకటి దగ్గర్నుంచి వరసగా. ఏ కాయితం ఏ పెట్టెలోదో మళ్ళీ అందులోనే, అదే వరసలో పెట్టండి. ఒక్కటి తగ్గినా మన పీకకే చుట్టుకుంటుంది."

"నేను చూసుకుంటానమ్మా," అన్నాడు మేనల్లుడు. "నా పని కొన్నాళ్ళు ఆపేస్తాను. పెట్టెలన్నీ నా చేతి మీదుగానే పోనివ్వండి."

మేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "మా అల్లుడు ఐటీఐ చదివాడమ్మా. గీతలు వాడికి కొట్టినపిండి."

* * *

కొలిమి చల్లారి ఉంది. పోతపని ఆపి అందరూ కాయితాల మీద పడ్డారు. ఇసుక పెట్టెలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. చదవడం రాని వాళ్ళు విప్పి ఇస్తే, వచ్చినవాళ్ళు తిప్పుతున్నారు. మేస్త్రికి చదువు అంతంత మాత్రమే. ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతాడు.

అత్తయ్యకి మాత్రం కాలక్షేపం బాగానే దొరికింది. "ఇది విన్నారా? వాళ్ళ క్యాంటీన్‌లో పప్పు నీళ్ళలా ఉందని పదిహేడు మంది సంతకాలు పెట్టారు. పై అధికారి కింద ఏం రాశాడో తెలుసా? 'నీళ్ళు ఎక్కువైతే పంపు పెట్టి తోడుకోండి' అట!"

"వాడెవడో మనవాడే," అన్నాడు ఇసుకాయన. ఇసుక అచ్చులు కట్టడంలో అంత చెయ్యి తిరిగిన మనిషి చుట్టుపక్కల లేడు. ఎప్పుడూ అందరికంటే ముందు నవ్వేవాడు ఈ నెల రోజులుగా నవ్వు తగ్గించాడు.

కారణం అందరికీ తెలుసు. వాళ్ళవి చూడాలంటే మనవీ చూపించాలి కదా. పోయిన నెల కంపెనీ మనుషులు ముగ్గురు కెమెరాలు పట్టుకుని వచ్చి రెండ్రోజులు కూర్చున్నారు. హాజరు పుస్తకాలు, పనిలో తగిలిన దెబ్బలు రాసుకునే పుస్తకం, అత్తయ్య దాచుకున్న ఉత్తరాల కట్ట, ఒక్కటీ వదల్లేదు. మేస్త్రికి ఉన్నది ఉన్నట్టు రాసుకునే అలవాటు. హాజరు పుస్తకంలో ఇసుకాయన పేరుకెదురుగా పద్నాలుగు చోట్ల 'తాగి వచ్చాడు, ఇంటికి పంపాను' అని ఉంది. అవన్నీ పాత సంగతులు. ఇసుకాయన మందు మానేసి తొమ్మిదేళ్ళయింది. వాళ్ళ కూతురు పెద్దయ్యాక తండ్రి నోట్లో చుక్క పడటం చూడనే లేదు. ఆ పద్నాలుగు పేజీలూ ఇప్పుడు కోర్టులో ఉన్నాయి. తాగుబోతులు పోసిన చక్రాలు కొనలేక మేమే పోసుకున్నాం అని కంపెనీ వకీలు వాదిస్తాడట.

"కేసు గెలిస్తే నా పరువు తిరిగొస్తుందా మేస్త్రీ?" అని ఇసుకాయన ఆ రోజు ఒక్కసారే అడిగాడు.

మేనల్లుడు పెట్టె వెనక పెట్టె తిప్పుతున్నాడు. మిగతావాళ్ళు టీకి లేచినా లేవడు. గీతల కట్ట కనబడితే చాలు, ముందు తనే అందుకుంటాడు. కట్ట విప్పే ముందు అటూ ఇటూ చూస్తాడు. విప్పుతాడు. కాదు. మళ్ళీ కడతాడు.

"కాస్త ఎంగిలి పడరా నాయనా," అంటుంది అత్తయ్య. "ఇంత పట్టుదల నీకు చదువుకునేటప్పుడు ఉంటే ఈపాటికి నువ్వే ఆ కంపెనీకి పెద్ద ఇంజనీరువి."

అందరూ నవ్వారు. ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఇంజనీరు కాదు. ఫ్లోరు సూపర్‌వైజరు. కుర్చీ ఉంటుంది, ఇసుక ఉండదు అన్నాడు రెండున్నరేళ్ళ కిందట కంపెనీ నుంచి వచ్చిన టై మనిషి. అప్పటికి వారం ముందే మేస్త్రి పదిమంది ఎదుట మేనల్లుడి చేతిలోంచి ఆకురాయి లాక్కుని, "నీ చెయ్యి ఇంకా కుదర్లేదురా, పక్కకి జరుగు," అన్నాడు. పదేళ్ళు చేశాక కూడా. ఆ మంట ఇంకా ఆరలేదు. టై మనిషి ఎక్కువేమీ అడగలేదు. శనివారం పట్టుకెళ్ళి సోమవారం తెచ్చిస్తాం, ఊరికే కొలతలు సరిపోయాయా లేదా చూసుకోవడానికి అన్నాడు. మేనల్లుడు ప్యాట్రన్‌ని పాత దుప్పట్లో చుట్టి స్కూటరు మీద తీసుకెళ్ళాడు. సోమవారం పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి యథాస్థానంలో పెట్టేశాడు. వెనక్కి తీసుకున్నట్టు ఒక కాయితం మీద సంతకం పెట్టమంటే పెట్టాడు. కుర్చీ రాలేదు. టై మనిషి ఫోను ఎత్తడం మానేశాడు. ఆ తర్వాత ఆరు నెలలకి కంపెనీ చక్రాలు కొనడమే మానేసింది.

ఆ సంతకం కాయితం ఏ రంగో, ఎంత పొడవో కూడా అతనికి గుర్తు లేదు. దొరికితే ఏం చెయ్యాలో మాత్రం మొదట్లో బాగా తెలుసు. చొక్కాలోకి తోసెయ్యాలి. ఇప్పుడు ఊదారంగు నెంబర్లు చూసిన కొద్దీ అదీ తెలియడం మానేసింది.

* * *

మూడో రోజు మధ్యాహ్నానికి అరవై పెట్టెలు అయిపోయాయి. మేనల్లుడు అయిపోయిన పెట్టెలన్నీ గోడవారకి చేర్చి, సుద్దతో గుర్తు పెడుతున్నాడు. అప్పుడు గమనించాడు. మేస్త్రి ముందున్న పెట్టె అరవై ఎనిమిదోది. మొదటి రోజు పొద్దున్న కూడా అదే పెట్టె. మూడు రోజులుగా ఆయన అదే పెట్టె ముందేసుకుని, అవే కాయితాలు పైకి తీసి, కింద పెట్టి, వేలు పెట్టి పెదాలు కదుపుతున్నాడు.

"మామయ్యా, ఆ పెట్టె నాకియ్యి. నువ్వు అలిసిపోయావు."

"నా నిదానం నాది. నీ పని నువ్వు చూసుకో."

గొంతు ఎప్పటిలాగే ఉంది. కానీ ఆయన తలెత్తలేదు. తలెత్తకుండా మాట్లాడే మనిషి కాదు మేస్త్రి.

భోజనాల వేళ మేస్త్రి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. మేనల్లుడు గబగబా వెళ్ళి ఆ పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. పైన రవాణా రసీదులు. వాటి కింద గీతల కట్ట. నలభై ఒక్క వేల రెండు వందల నాలుగు. ఐదు. ఆరు. ఆరో పేజీ చక్రానికి పక్క నుంచి వేసిన గీత. తర్వాత ఎనిమిది. ఎనిమిదో పేజీ వేరే పంపుది.

అతను మళ్ళీ ఆరు తీశాడు, ఎనిమిది తీశాడు. రెండూ అంటుకుపోయాయేమోనని గోటితో విడదీసి చూశాడు. పెట్టె అడుగు దాకా తడిమాడు. ఏడు లేదు.

ముందు ఒళ్ళంతా తేలికైపోయింది. లేదు. ఆ కాయితమే లేదు. తర్వాత మెల్లగా అసలు సంగతి తెలిసొచ్చింది. లేకపోవడం కాదు. ఎవరో తీశారు. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో, అన్నీ ఒక్కసారే తెలిశాయి.

వెనక చెప్పుల చప్పుడైంది. మేస్త్రి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. పెట్టె వైపు చూశాడు. మేనల్లుడి చేతిలో ఆరో పేజీ, ఎనిమిదో పేజీ ఉన్నాయి.

"అన్నం చల్లారిపోతోంది," అన్నాడు మేస్త్రి.

"మామయ్యా, ఇందులో ఒక పేజీ..."

"వాళ్ళ లెక్క తప్పి ఉంటుంది. అన్నం తిను."

* * *

ఆ సాయంత్రం మేస్త్రి అందర్నీ పిలిచాడు. నిలబడే చెప్పాడు. "ఇంక చాలు. కేసు వెనక్కి తీసుకుందాం అనుకుంటున్నాను. వకీలమ్మకి ఫోన్ చేశాను, రేపు సంతకాలకి వస్తుంది. రేపు కొలిమి వెలిగిద్దాం. ఉన్న కంచు కరగబెట్టి చేతిలో ఉన్న నాలుగు చక్రాలు పోసేద్దాం. తర్వాత సంగతి తర్వాత."

ముందు లేచింది ఇసుకాయనే.

"తర్వాత ఏముంటుంది మేస్త్రీ తర్వాత? తలుపులకి తాళం ఉంటుంది. నా తాగుడు ఊరంతా చదివించారు. నా కూతురు నన్ను అడిగింది, నాన్నా పద్నాలుగు సార్లా అని. కేసు కోసం కదా అని పళ్ళ బిగువున ఊరుకున్నాను. నా గుడ్డలు విప్పి నడిబజార్లో నిలబెట్టి, ఇప్పుడు ఇంటికి పోదాం పదమంటావా? ఇంకా ముప్ఫై పెట్టెలున్నాయి. అందులో ఉండొచ్చుగా లావు రెక్క!"

"ఉండదు," అన్నాడు మేస్త్రి.

"నీకెలా తెలుసు?"

మేస్త్రి చెయ్యి ఒకసారి చొక్కా జేబు మీదికి వెళ్ళి, జేబు గుండీ ఉందో లేదో చూసుకుని, మళ్ళీ కిందికి దిగింది. ఆ చెయ్యి కదలడం ఒక్క మేనల్లుడే చూశాడు.

అందరూ వెళ్ళాక అతను ప్యాట్రన్ల గదిలోకి వెళ్ళాడు. మేస్త్రి కిటికీ దగ్గర బల్ల మీద ప్యాట్రన్ పెట్టుకుని నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. పొద్దుగుంకే ముందు ఎండ రెక్కల మీద పడి జారుతోంది.

"కొలిమి ఎందుకు మామయ్యా రేపు? నాలుగు చక్రాలకి అంత బొగ్గు దండగ కదా."

"పోత ఆగితే కొలిమి తేమ పడుతుంది."

"నీ జేబులో ఏముంది?"

మేస్త్రి తుడవడం ఆపలేదు. ఒక రెక్క, దాని పక్కది, దాని పక్కది. లావు రెక్క దగ్గరికి వచ్చేసరికి బొటనవేలితో మెల్లగా రుద్దాడు.

"ఒరే, నా జేబులో బీడీలుంటాయి. నీకు తెలుసు కదా."

"మామయ్యా, అది నేనే..."

"నువ్వేం చెప్పకు." ఇప్పుడు తలెత్తాడు. ఆయన కళ్ళల్లో కోపం లేదు. కోపం ఉంటే మేనల్లుడు తట్టుకునేవాడే. "నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. నేను చదువు రాని మనిషిని. ఒక కాయితం చదివానో లేదో నాకే సరిగా తెలియదు. రేపు పొద్దున నువ్వు నాకు అల్లుడివి, నేను నీకు మామయ్యని. అర్థమైందా? నోరు విప్పి బయటపెడితే ఇంక అదీ ఉండదు."

"మరి ఇసుకాయన? మిగతావాళ్ళు?"

మేస్త్రి ప్యాట్రన్‌ని గుడ్డలో చుట్టి పైన పెట్టేశాడు. "తలుపు దగ్గరికి వెయ్యి," అన్నాడు, అంతే.

* * *

నాలుగో రోజు పొద్దున్నే కొలిమి వెలిగించారు. మూడు రోజుల తర్వాత గాలి ఊదే మోటారు మోత వినగానే పోతశాలకి ప్రాణం వచ్చినట్టయింది. మూసలో, అంటే కంచు కరిగే కుండలో, ముక్కలు వేశారు. ఆఖరి పోతో కాదో ఎవరికీ తెలియదు గానీ, అందరూ ఒళ్ళు దగ్గరపెట్టుకుని పనిచేస్తున్నారు. ఇసుకాయన ఎవరితోనూ మాట్లాడకుండా అచ్చులు కట్టాడు. ఆ అచ్చుల మీద చీమ నడిచినా జాడ పడుతుంది, అంత నునుపు.

మేస్త్రి కొలిమి నోటి దగ్గర నిలబడి ఉన్నాడు. మంట రంగు చూస్తున్నాడు. ఎర్రది పోయి పసుపు వచ్చింది. ఆకుపచ్చ జీర కనబడితే కంచు సిద్ధమైనట్టు. ఆయన చెయ్యి జేబు మీదే ఉంది. వకీలమ్మ వచ్చేలోపే అది మంటలో పడిపోవాలి. పడిపోతే పేజీ అడిగేవాళ్ళు ఉండరని ఆయన లెక్క.

ఆ లెక్క తప్పని మేనల్లుడికి తెల్లవారుజామునే తట్టింది. నెంబరు కొట్టింది కంపెనీవాళ్ళు. కొట్టిన ప్రతి కాయితానికీ వాళ్ళ దగ్గర ఇంకో కాపీ ఉండి తీరుతుంది. మంటలో పడేది మన కాపీయే. అప్పుడు కాయితం తగలబెట్టినవాడు మేస్త్రి అవుతాడు. తనని కాపాడబోయి, ఆయన ముఖమే రేపు కోర్టులో నల్లబడుతుంది.

వకీలమ్మ అనుకున్నదాని కంటే గంట ముందే వచ్చింది. చేతిలో సంచీ, ముఖంలో నిద్రలేమి. "ఏమైందండీ మీకు? ఇంత దూరం వచ్చాక..." అంటూ లోపలికి రాబోయి, వేడికి వెనక్కి తగ్గింది.

మేస్త్రి జేబు గుండీ విప్పాడు.

మేనల్లుడు అడుగు ముందుకేశాడు. తను నోరు తెరిచాక కూడా ఏం మాట్లాడతాడో తనకే తెలియదు. "అమ్మా, నలభై ఒక్క వేల రెండు వందల ఏడో పేజీ. మా పెట్టెలో లేదు. వాళ్ళని అడగండి."

మోటారు మోతలో కూడా ఆ మాట అందరికీ వినబడింది. మేస్త్రి చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

"లేదంటే?" అంది వకీలమ్మ. "ఏముంది అందులో?"

"లావు రెక్క ఉంటుంది. కింద నా సంతకం ఉంటుంది. ప్యాట్రన్ తీసుకెళ్ళి వాళ్ళకిచ్చింది నేను."

అత్తయ్య చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడు కూడా కాలేదు. ఇసుకాయన అచ్చు దగ్గర వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"దాన్ని మీరు చించేశారా?"

"లేదమ్మా. నాకు దొరకలేదు."

మేస్త్రి జేబులోంచి కాయితం తీశాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది. కొలిమికీ ఆమెకీ మధ్య ఒక్క క్షణం ఊగిసలాడాడు. మంట ఆయన చేతికి రెండడుగుల దూరం. తర్వాత నాలుగడుగులు నడిచి ఆమె చేతిలో పెట్టాడు. మేనల్లుడి వైపు చూడలేదు.

వకీలమ్మ మడతలు విప్పింది. మొదట ఆమె కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు దాచుకోవడం ఆమె వల్ల కాలేదు. ఏడు రెక్కల చక్రం, ఒక రెక్క చుట్టూ రెండు గీతలు, పక్కన కంపెనీ మనిషి చేతిరాత: 'ఈ రెక్క మందం ఎక్కువ. కారణం తెలియదు.' కింద ఒక గడి, ఎక్కడ తీసుకున్నదో రాసే గడి. కంపెనీ పద్ధతి ప్రకారం ఏ గడీ ఖాళీగా ఉంచకూడదు కాబట్టి, ఆ మనిషి బుద్ధిగా రాశాడు: 'మేస్త్రి మేనల్లుడి దగ్గర. రెండు రోజులు. తిరిగి ఇచ్చాం.' పక్కనే సంతకం.

"దీంతో గెలుస్తాం," అంది ఆమె నెమ్మదిగా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "కానీ ఈ కాయితంలో సగం చించి చూపించలేం. రెక్క చూపిస్తే సంతకం కూడా చూపించాలి. మిమ్మల్ని బోనెక్కిస్తారు. ఎందుకిచ్చావు, ఎంతకిచ్చావు, ఇంకేమిచ్చావు అని అడుగుతారు. ఇప్పుడు వాళ్ళ వంతు. మీ ఫోను అడుగుతారు. మీ బ్యాంకు పుస్తకం, మీ ఉత్తరాలు, మీ ఆవిడ ఫోను, ఆ రెండేళ్ళలో మీరు ఎవరికి ఏం రాశారో, అన్నీ."

"ఇంక నా దగ్గర దాచేదేమీ లేదమ్మా."

"మొదటి రోజు అందరూ అదే అంటారు," అంది వకీలమ్మ. 

ఇసుకాయన లేచి నిలబడ్డాడు. మేనల్లుడికేసి చూశాడు. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నారు. "రెండేళ్ళు," అన్నాడు. "నా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు కదయ్యా." అంతే అన్నాడు.

కొలిమి నోట్లో ఆకుపచ్చ జీర కనబడింది.

కంచు సిద్ధమైతే ఇంక ఎవరి కోసమూ ఆగదు. అరగంటలో పొయ్యకపోతే చెడిపోతుంది. మేస్త్రి పట్టకారుతో మూస పైకి లేపి, ఇనప చట్రంలో దింపాడు. ఆ చట్రానికి ముందొక కర్ర, వెనకొక కర్ర. ఇద్దరు మొయ్యాలి. అడుగు కలవాలి, ఊపిరి కలవాలి. ఒకడు తడబడితే ఇద్దరి కాళ్ళూ పోతాయి. పదేళ్ళుగా ముందు కర్ర మేస్త్రిది, వెనక కర్ర మేనల్లుడిది.

మేనల్లుడు అలవాటుగా చేతి తొడుగులు వేసుకుని వెనక్కి వెళ్ళి వంగాడు.

"నువ్వు కాదు," అన్నాడు మేస్త్రి. గట్టిగా అనలేదు. "నిన్న చెప్పాను కదరా. నువ్వు నోరు విప్పకపోతే నేను చూడనట్టే ఉండేవాణ్ణి. ఎన్నాళ్ళయినా ఉండేవాణ్ణి." తర్వాత పక్కకి తిరిగి, "ఇసుకాయనా, నువ్వు రా," అన్నాడు.

ఇసుకాయన వచ్చాడు. మేనల్లుడు తొడుగులు విప్పి ఆయన చేతికిచ్చాడు. ఆయన తీసుకున్నాడు, వేళ్ళు వేళ్ళకి తగలకుండా.

వకీలమ్మ గుమ్మం దగ్గర ఒక ఖాళీ ఇసుక పెట్టె చూపించి కూర్చోమంది. తను ఎదురుగా ఇంకో పెట్టె మీద కూర్చుంది. సంచీలోంచి పుస్తకం తీసి, పైన తారీకు వేసింది. "ఫోను ఇక్కడ పెట్టండి. మొదటి నుంచి చెప్పండి. ఆ రోజు ఏ వారం? ఎన్ని గంటలకి? దేంట్లో చుట్టారు? దారిలో ఎవరైనా చూశారా? ఆ మనిషి మీకు ఏమిస్తానన్నాడు?"

అతను చెప్పడం మొదలుపెట్టాడు. వెనక్కి తిరిగి చూడాలని ఉంది, చూడలేదు. మూస లేచిన చప్పుడు, రెండు జతల కాళ్ళు ఒకే అడుగుగా ఇసుక మీద నడిచిన చప్పుడు వినబడ్డాయి. తర్వాత కంచు అచ్చులోకి దిగుతున్న సన్నని హోరు.

పోత పోసేటప్పుడు పోతశాలలో ఎవరూ మాట్లాడరు. దగ్గు వచ్చినా మింగుతారు. మోటారు కూడా ఆపేస్తారు. అంత నిశ్శబ్దంలో అతనొక్కడి గొంతే వినబడుతోంది. శనివారం, స్కూటరు, పాత దుప్పటి, కుర్చీ. అందరూ వింటున్నారని తెలుసు. ఆపితే వకీలమ్మ "ఆ, తర్వాత?" అంటోంది.